పోకో ఎ పోకో రాలెంటాండో

నాకు చదవడం వచ్చేసరికి యాభై రెండేళ్లు. అప్పటికే కీర్తనల పుస్తకంలో సగానికి పైగా నా నోట్లో ఉంది. చదువుకు అదే అడ్డం వచ్చింది.

నంద్యాలలో మా చర్చి వెనక ఒక రేకుల గది ఉంది. నేను బడిలో మధ్యాహ్న భోజనం వండి, గిన్నెలు కడిగి బోర్లించి, మూడు గంటలకు అక్కడికి పోయేదాన్ని. మా పాస్టరుగారి భార్య వారానికి మూడు రోజులు మాలాంటి ఆడవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. మేమంతా ఆమెను అమ్మగారు అంటాం. గుణింతాలు అయ్యాక ఒకరోజు నా చేతికి కీర్తనల పుస్తకం ఇచ్చి, ఒక పేజీ తెరిచి చదవమంది. నేను వేలు పెట్టుకొని గడగడా చదివాను. ఎక్కడా ఆగలేదు. పక్కన కూర్చున్నవాళ్లు నా వైపు కొత్తగా చూశారు.

అమ్మగారు మాత్రం మురిసిపోలేదు. పుస్తకం తన వైపు తిప్పుకొని, పైన ఒక కాగితం, కింద ఒక కాగితం కప్పి, నడుమ ఒకే ఒక్క మాట కనిపించేట్టు పెట్టింది.

"ఇది చదువు."

కాసేపు ఆగి చెప్పాను. చెప్పింది సరిపోయింది కూడా. కానీ ఆ కాసేపట్లో నేను చేసిందేమిటో ఆమె కనిపెట్టింది. లోలోపల పాటను మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి, ఆ మాట దగ్గర దిగాను.

"చదువుతాండావా, పాడతాండావా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. బస్టాండులో ఆత్మకూరు బోర్డు చూసి చదివాను అనుకునేదాన్ని. వెంటనే అనుమానం వచ్చేది. ఆ బస్సు ఎప్పుడూ ఆ మూలే ఆగుతుంది, అందుకని తెలిసిందా, అక్షరాలు చూసి తెలిసిందా? సబ్బు మీద పేరు, బియ్యం సంచి మీద పేరు, అన్నీ ముందే తెలిసినవే. తెలియని మాటను, తెలుసుకునే దారి ఇంకేదీ లేని మాటను, అక్షరాలను మాత్రమే పట్టుకొని నేను ఎప్పుడైనా చేరుకున్నానా? ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

ఆ ఏడే మేము చర్చిలో పాటలు పాడే క్వయర్‌కు కొత్త సారు వచ్చారు. ఆయనది కోస్తా. ఏదో బోర్డింగు స్కూల్లో సంగీతం చెప్పి రిటైరై, నంద్యాలలో ఉద్యోగం చేసే కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారు. శనివారం సాయంత్రం మా రేకుల గదికే కీబోర్డు చంకలో పెట్టుకొని వచ్చేవారు. అందరినీ అమ్మా, మీరు అనేవారు. మాకు ఆ మర్యాద అలవాటు లేక మొదట్లో వెనక్కి తిరిగి ఎవర్నో అనుకునేవాళ్లం.

అప్పటిదాకా మేము పాట అంటే ఎవరో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవడమే. పాట ఎంత వేగంగా పోవాలి అనేది ఎత్తుకున్న మనిషిని బట్టి ఉండేది. ఆమెకు ఇంట్లో పొయ్యి మీద కూర ఉంటే పాట పరిగెత్తేది. సారు వచ్చి ఆ పద్ధతి మార్చారు. స్వరాలు రాసే ఐదు గీతల కాగితాలు తెచ్చి, ప్రతి పాటకూ తలమీద ఒక మాట ఉంటుందని, అది పాట నడకను చెబుతుందని అన్నారు. మొదటి శనివారం బోర్డు మీద తెలుగు అక్షరాల్లో మూడు మాటలు రాశారు. లార్గో. ఆండాంటే. అల్లెగ్రో.

"ఇవన్నీ టెంపో చెప్పే మాటలమ్మా."

"టెంపో అంటే ఆళ్లగడ్డకు పొయ్యే బండి గదా సార్," అంది మాలో ఒకామె. "తొమ్మిది మంది ఎక్కే దాంట్లో ఇరవై మందిని కుక్కుతారే, అది."

అందరం నవ్వాం. సారు కూడా నవ్వి, టెంపో అంటే ఇటలీ వాళ్ల భాషలో కాలం అని చెప్పారు. పాటకు వాడితే పాట పోయే వేగం. ఏ దేశం వాళ్లు పాట రాసుకున్నా ఈ మాటలు మాత్రం ఎక్కువగా ఇటలీవే వాడతారట. లార్గో అంటే వెడల్పు. ఆండాంటే అంటే నడుస్తూ. అల్లెగ్రో అంటే సంతోషం.

నేను వింటూ ఉండిపోయాను. వేగం చెప్పడానికి వెడల్పు అనడం ఏమిటి? కొంచెం ఆలోచిస్తే నిజమే అనిపించింది. కేసీ కాలువ ఇరుకు తూముల దగ్గర ఉరుకుతుంది, వెడల్పయిన చోట నిదానిస్తుంది. సంతోషమూ అంతే. సంతోషంగా ఉన్నవాళ్ల కాళ్లు వాటంతటవే గబగబా పడతాయి, ఎవరూ తోలక్కర్లేదు. ఆ దేశం వాళ్లు వేగాన్ని నేరుగా చెప్పకుండా, వేగం ఎందుకు వస్తుందో అది చెప్పారు. కానీ ఆండాంటే దగ్గర నాకు సందేహం వచ్చి అడిగాను.

"ఎవరి నడక సారూ?"

"అంటే?"

"కలుపుకు పొయ్యేటప్పుడు ఒక నడక. పొద్దు గూకినాక ఇంటికొచ్చేటప్పుడు ఒక నడక. నెత్తిన కట్టెలమోపు ఉంటే ఇంగో నడక. ఈళ్లు చెప్పేది ఏదీ?"

సారు నన్నెవరూ ఇది అడగలేదమ్మా అన్నారు. తర్వాత, తొందర లేని మనిషి మామూలుగా నడిచే నడక అన్నారు. మా రిటైరైన నర్సక్క వెంటనే, "తొందర లేని మనిషి మన నంద్యాల్లో యాడుండాడు సార్," అంది. నర్సక్క ఇంగ్లీషు చదువుతుంది. మా క్వయర్‌లో ఆ కాగితాల మీది ఇంగ్లీషు అక్షరాలు నేరుగా చదవగలిగింది ఆమె ఒక్కతే. సారు ఏం చెప్పినా ముందే తెలిసినట్టు తలాడించేది.

ఆరోజు సారు చెప్పిన ఒక మాట నా మనసులో గట్టిగా నాటుకుంది. "వీటిని చూసి భయపడకండమ్మా. ఇవేమీ శాస్త్రం కోసం పుట్టిన మాటలు కావు. వాళ్లు ఇంట్లో, వీధిలో, పిల్లల్ని పిలుస్తూ మాట్లాడుకునే మాటలే."

వేసవి మొదట్లో ఆళ్లగడ్డ చర్చివాళ్ల నుంచి పిలుపు వచ్చింది. చర్చికి కొత్త కప్పు వేశారు, కృతజ్ఞతా ఆరాధనలో మా క్వయర్ పాడాలి. సారు అందుకోసం తానే ఒక పాట కట్టారు. పొద్దు వాలే వేళ గడప దగ్గర నిలబడిన ప్రభువును, ఈ పూటకు మా ఇంట్లో ఉండిపొమ్మని అడిగే పాట. అయితే అక్కడ వేదిక చిన్నది. మేము పద్దెనిమిది మందిమి. పన్నెండు మందికే చోటు.

"వచ్చే శనివారం ఒక్కొక్కరు కాగితం చూసి పాడాలి," అన్నారు సారు. "జ్ఞాపకం మీద పాడేవాళ్లు వద్దు. జ్ఞాపకం ఎవరి దారిన వాళ్లను తీసుకుపోతుంది. కాగితం అందర్నీ ఒక దారిన నడుపుతుంది."

నాకు ఆ పన్నెండు మందిలో ఉండాలని ఎంత ఆశ పుట్టిందో చెప్పాలంటే ముప్పై మూడేళ్ల కిందటి ఒక ఆదివారం చెప్పాలి.

నేను పుట్టింది ఆళ్లగడ్డ పక్క ఊళ్లో. అప్పట్లో నాకు పందొమ్మిదేళ్లు. స్త్రీల ఆదివారం అని ఏడాదికొకసారి మేము పొయ్యే ఆ ఆళ్లగడ్డ చర్చిలో ఆడవాళ్లే అన్నీ నడుపుతారు. చీటీల మీద బైబిలు వాక్యాలు రాసి తలా ఒకటి ఇస్తారు, ఒక్కొక్కరూ ముందుకు వచ్చి చదవాలి. నాకు చదువు రాదని చెప్పడానికి సిగ్గుపడి, నా చీటీ ముందే పక్కింటి అమ్మాయితో చదివించుకొని బట్టీ పట్టాను. తీరా ఆదివారం పొద్దున చీటీలు కలగలిసి మళ్లీ పంచారు. నా చేతికి వచ్చింది వేరేది. అది నాకెలా తెలుస్తుంది? ముందుకు పోయి, చీటీ కళ్ల ముందు పెట్టుకొని, నేను బట్టీ పట్టిన వాక్యం చెప్పాను. అదే వాక్యాన్ని నా ముందు మనిషి అప్పుడే చదివి పోయింది. ఆమె చదివినప్పుడు నేను వినలేదు, నా వాక్యం మర్చిపోతానని లోపల గొణుక్కుంటూ ఉన్నాను. చర్చిలో ఎవరూ పెద్దగా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరూ నేలచూపులు చూశారు. ఆ తర్వాత పెళ్లయి నంద్యాలకు వచ్చేశాను. పండగలకు పోయినా వెనక వరసలోనే కూర్చుని వచ్చేదాన్ని.

అదే చోట, అదే మనుషుల ముందు, కాగితం పట్టుకొని నిలబడి, అందులో ఉన్నది చదవాలి. నాకు కావలసింది అంతే.

సారు మాకు ఇచ్చిన కాగితాల్లో పాట తెలుగులోనే ఉంది. ఆ ఇటలీ మాటలు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. నేను అడిగితే వాటి పక్కన పెన్సిలుతో తెలుగులో రాసిచ్చారు. ఆ వారమంతా కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని బడి వంటగదికి తీసుకుపోయాను. పప్పు ఉడికేలోగా ఒక వరస, అన్నం వార్చాక ఒక వరస. పాట మాటలు రెండు రోజులకే నోటికి వచ్చేశాయి. వచ్చాయని తెలియగానే భయం వేసింది. ఇంక నేను చదువుతున్నానో పాడుతున్నానో నాకే తెలియదు.

కానీ చివరి వరస పైన పెన్సిలుతో రాసిన మాట ఒకటి ఉంది. సారు దాన్ని ఇంకా చెప్పలేదు. దాన్ని నేను ఎవరి నోటా వినలేదు. పొయ్యి పక్కన కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. పో. కో. ఎ. పో. కో. తర్వాతిది పెద్దది. రా. లెం. టాం. డో. ఒక్కో అక్షరంగా వచ్చినా, అన్నీ కలిపి వచ్చినా అదే పలికింది. పట్టుకోవడానికి పాట లేదు, జ్ఞాపకం లేదు, బస్సు ఆగే మూల లేదు. అక్షరాలే ఉన్నాయి. అవి నన్ను ఒక చోటికి తీసుకొచ్చి వదిలాయి. ఆ చోటు ఏమిటో నాకు తెలియదు. నేను నిజంగా చదివిన మొదటి మాట అదే. కుక్కరు కూతవేసినా లేవబుద్ధి కాలేదు.

అయితే పదిసార్లు చదివేసరికి దానికి అర్థం కూడా వచ్చేసింది. మావైపు దూరంగా పోతున్న మనిషిని ఆపాలంటే పోకు అని ఊరుకోం, గొంతు సాగదీసి పోకో అంటాం. తింటాండాడు, వింటాండాడు అనేది మా రోజువారీ మాట. ఏమంటాండో, ఏం తింటాండో అనుకుంటాం. అలా చూస్తే ఆ వరస మొత్తం నాకు ఇలా వినిపించింది. పోకో, ఏయ్, పోకో, రాలతాండాయో. ఎవరో చెట్టు కింద నిలబడి, వెళ్లిపోయే మనిషిని పిలుస్తున్నారు. వేపపూత రాలుతోంది, పోవద్దు అంటున్నారు. పాటలో కూడా ఉన్నది అదే కదా, ఉండిపొమ్మనడం. సారు ఇంటిమాటలే అన్నారు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

శనివారం ఒక్కొక్కరినీ లేపి పాడించారు. చివరి వరసలో కీబోర్డు నిదానించగానే వాళ్లూ నిదానించేవారు, అక్కడే ప్రతివాళ్లనూ సారు ఆపేవారు. "బ్రేకు వేస్తున్నారమ్మా," అనేవారు. "అక్కడ ఒక్కసారిగా మెట్టు దిగినట్టు దిగుతున్నారు. అలా కాదు." మళ్లీ పాడితే మళ్లీ అంతే. నర్సక్క కూడా అక్కడే తప్పింది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. "నెమ్మదిగా అనే గదా సార్ ఉండేది, నెమ్మదిగానే పాడితి గదా," అంది. తర్వాతి వంతు నాదని నేను లోపల గొణుక్కుంటూ ఆమె మాట పట్టించుకోలేదు.

నా వంతు వచ్చింది. కాగితం రెండు చేతులతో పట్టుకున్నాను. పాట చివరి వరసకు వచ్చేసరికి నా కళ్లు పెన్సిలు మాట మీద పడ్డాయి. వేపపూత కనిపించింది. గాలి వీచినప్పుడు ఒక్కసారిగా జలజలా రాలుతుంది. తర్వాత నాలుగు, మూడు. తర్వాత ఒకటి. తర్వాత ఇంకొకటి పడుతుందా అని చూస్తూ ఉంటాం, పడుతుంది. అలా పాడాను. పోయేవాణ్ణి ఆపుతున్నట్టు ఒక్కో మాటను కొంచెం ఎక్కువసేపు పట్టుకొని వదిలాను.

సారు కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశారు.

"ఇది మీకు ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పల్యా సారూ. ఈడ రాసుండాది గదా."

"ఏం రాసుంది?"

చెప్పాను. పోకో, ఏయ్, పోకో, రాలతాండాయో అని. వేపపూత సంగతీ చెప్పాను. గది మొత్తం పకపకా నవ్వింది. నర్సక్క కళ్లు తుడుచుకుంటూ, "మే, ఇటలీవోళ్లు నీతో కలుపుకొచ్చినారా ఏంది," అంది.

సారు నవ్వలేదు. అసలు అర్థం చెప్పారు. పోకో అంటే కొంచెం. పోకో ఎ పోకో అంటే కొంచెం కొంచెంగా. రాలెంటాండో అంటే నెమ్మదిస్తూ.

చీటీ పట్టుకొని నిలబడిన ఆదివారం మళ్లీ వచ్చి మీద కూర్చున్నట్టయింది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా నేను చేసింది అదే. కాగితంలో లేనిది నా లోపల నుంచి తీసి చెప్పాను. కాగితం సారు బల్ల మీద పెట్టేశాను.

"నేను చదవలేదు సారూ. నాకు తోచింది అనుకుంటి. వేరేవోళ్లను తీసుకోండి."

"ఒక్క నిమిషం ఉండండి," అన్నారు. ఆయన నాతో కాకుండా తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. నెమ్మదిగా అనడం వేరు, నెమ్మదిస్తూ అనడం వేరు. మొదటిది ఒక చోటు, రెండోది ఒక ప్రయాణం. ఆ తేడా అంతా ఆ మాట తోకలో ఉంది. ఇటలీ భాషలో ఒక పని జరుగుతూ ఉంది అనడానికి ఆండో అనే తోక తగిలిస్తారు. పాడుతూ అంటే కాంటాండో. తింటూ అంటే మాంజాండో.

"తింటాండో," అంది ఎవరో వెనక నుంచి.

"అదే," అన్నారు సారు. "ఈ రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదమ్మా. చెవికి అలా తగిలింది, అంతే. కానీ నేను ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ మీ మాటల్లో తాండ అనే తోక విని లోపల నవ్వుకునేవాణ్ణి. ఇన్నేళ్లు ఈ మాటను పిల్లలకు నెమ్మదిగా అనే చెప్పాను. ఎవరూ సరిగ్గా పాడకపోతే వాళ్ల తప్పే అనుకున్నాను."

గదిలో నవ్వు ఆగిపోయింది. ఎక్కడి ఇటలీ, ఎక్కడి మా కలుపు చేలు. అక్కడ ఏ తల్లో అన్నానికి పిలిస్తే బిడ్డ లోపల నుంచి మాంజాండో అని కేకవేస్తూ ఉంటుంది. ఈడ మా బిడ్డ తింటాండా అంటుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఏదైనా జరుగుతూ ఉన్నప్పుడు నోరు ఇద్దరికీ ఒకే తీరుగా తెరుచుకుంటోంది.

కానీ నా భయం ఇంకా పోలేదు. సారుకు అది తెలిసిందో ఏమో, జేబులో నుంచి పెన్సిలు తీసి, ఒక తెల్లకాగితం మీద ఏదో రాసి నా ముందుకు తోశారు. పైన ఏమీ లేదు, కింద ఏమీ లేదు.

"ఇది చదవండి."

ఒక్కో అక్షరం పట్టుకున్నాను. అ. చ్చె. లె. రాం. డో. మొత్తం కలిపి ఒకసారి చెప్పాను. తప్పు చదివానేమో అని ఇంకోసారి చెప్పాను.

"అర్థం ఏమిటి?"

వేపచెట్టు కోసం వెతుక్కోలేదు. "తెలీదు సారూ," అన్నాను. "కానీ ఏందో జరగతాండాది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. వేగం పెరుగుతూ పోవడం అని ఆ మాటకు అర్థమట. జరుగుతూనే ఉంది. నర్సక్క నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంగ దీన్ని ఆపలేం సార్, రాసుకోండి పేరు," అంది. సారు రాసుకున్నారు. ఆయన రాస్తున్న నా పేరును నేను ఎదురుగా కూర్చుని తలకిందులుగా చదివాను.

రెండు వారాలు అందరం కలిసి పాడుకున్నాక, ఆరాధన ఉన్న ఆదివారం పొద్దున్నే నంద్యాలలో బస్సు ఎక్కాం. ఎడమ పక్క నల్లమల దూరంగా నీలంగా కనిపిస్తోంది. దారిలో సారు కాగితం తీసి, చివరి స్వరం మీద ఉన్న గుర్తు చూపించారు. చుక్క మీద గొడుగు పట్టినట్టు ఉంటుంది. దాని పేరు ఫెర్మాటా. అది ఉన్నచోట ఎంతసేపు నిలవాలో ఎవరూ లెక్కపెట్టి చెప్పలేరట, ఆ పూట పాడేవాళ్లకూ వినేవాళ్లకూ తెలుస్తుందట. ఆళ్లగడ్డ దగ్గరవుతుంటే రోడ్డు పక్క శిల్పుల షెడ్లలో ఉలి దెబ్బలు వినిపించాయి. ఒకరిది టకటకా పోతోంది, ఒకరిది ఆగి ఆగి పడుతోంది. చిన్నప్పటి నుంచి విన్న చప్పుడే. ఆరోజు మాత్రం ఎవరు ముక్కు చెక్కుతున్నారో, ఎవరు ఇంకా బండను చదును చేస్తున్నారో వినగానే తెలిసినట్టనిపించింది.

చర్చి నిండిపోయింది. వేదిక మీద పన్నెండు మందిమి భుజానికి భుజం తగిలేలా నిలబడ్డాం. సారు నన్ను ముందు వరసలో, ఒక చివర పెట్టారు. చివరి వరస వచ్చేటప్పుడు తన చేతులు చూడొద్దని, నా ఊపిరి వినమని మిగతావాళ్లకు చెప్పారు. ఎదురుగా నాకు తెలిసిన మొహాలే. కొందరు ముసలివాళ్లయ్యారు, కొందరు లేరు. మొదటి బెంచీలో మా పుట్టింటి వీధి అవ్వ కూర్చుని ఉంది. ఒకప్పుడు మా కలుపు కూలోళ్లందరికీ మేస్త్రి. ఇప్పుడు చెవులు సరిగ్గా వినిపించవు, అందుకని చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. నేను చీటీ పట్టుకొని నిలబడిన ఆదివారం కూడా ఆమె ఆ బెంచీలోనే ఉంది.

పాట మొదలైంది. నోటికి వచ్చిన పాటే అయినా నేను ఒక్కో మాటను కాగితం మీద చూసి, చూశాకే పలికాను. పొద్దు వాలే మాట. గడప మాట. ఉండిపొమ్మనే మాట. పెన్సిలు రాత దగ్గరికి వచ్చాం. ఇప్పుడు నాకు దాని అసలు అర్థం తెలుసు, రోంత రోంత నెమ్మదిస్తూ. నా పాత అర్థం కూడా పోలేదు. రెండూ ఒకే మాటలో పక్కపక్కన కూర్చున్నాయి. నా పక్కన నర్సక్క ఊపిరి నా ఊపిరితో కలిసింది, దాని వెనక ఇంకొకరిది. పన్నెండు మందిమి ఎవరూ మెట్టు దిగలేదు. మాకు తెలియకుండానే నేల వాలుతున్నట్టు వాలాం. మాటకూ మాటకూ నడుమ ఖాళీ పెరుగుతూ పోయింది. ఆ ఖాళీలో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. తర్వాత అదీ వినపడనట్టయింది. అంతమంది జనం ఒకే మాట కోసం కాచుకొని ఉండటం నేను ఎన్నడూ చూడలేదు. ఇదంతా చేసింది కాగితం మీద నాలుగు ముక్కల రాత. దాన్ని మొదట వాడిన మనిషి ఎవరో, ఎప్పుడో పోయి ఉంటాడు. మేము ఎలా ఊపిరి వదలాలో చెబుతూనే ఉన్నాడు.

చివరి స్వరం చేరాం. సారు చేతులు గాలిలోనే ఉన్నాయి. మేము పట్టుకొని ఉన్నాం. తర్వాత గొంతులు వదిలేశాం కానీ ఆయన చేతులు దించలేదు.

మొదటి బెంచీలో అవ్వ చెవి వెనక చెయ్యి అలాగే పెట్టుకొని, వేదిక చివర ఉన్న నన్ను చూసి, చెవుడు ఉన్నవాళ్ల గట్టి గొంతుతో అడిగింది.

"పాపా, ఆ కాగితంలో ఇంగేమన్నా ఉండాదా?"

ఆ చర్చిలో కాగితంలో ఏముందని నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. నేను కాగితం వైపు చూశాను. మాటలు అయిపోయాయి. చుక్క మీద గొడుగు ఉంది.

"ఉండాదవ్వా," అన్నాను. "రోంతసేపు ఉండాలని ఉండాది."

అవ్వ తలాడించి, చెయ్యి చెవి వెనకే ఉంచుకొని, కూర్చుని ఉంది.